బడి రిజిస్టరులో ఒక పేరు, ఆధార్‌లో ఒక పేరు

ఎనిమిదో తరగతి పిల్లవాడి పేరు చివర ‘రావు’ ఉందా లేదా అన్న ఒక్క విషయం దగ్గర 48,000 రూపాయలు ఆగిపోతాయని నాకు మూడేళ్ల కిందటి వరకు తెలియదు. పోస్టాఫీసులో ముప్పై నాలుగేళ్లు పనిచేశాను. మనియార్డరు మీద ఒక పేరు, చేతిలో ఉన్న కార్డు మీద ఇంకో పేరు ఉంటే కౌంటరు ముందు నిలబడ్డ మనిషి ముఖం ఎలా మారిపోతుందో నేను చూశాను. అలాంటి నాకే తట్టకపోతే ఆ పిల్లవాడి తల్లికి ఎలా తెలుస్తుంది? ఆ కుర్రాడి సంగతి కాసేపట్లో చెప్తాను. ముందు మా బడి గురించి.

మాది విజయనగరం జిల్లాలో ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల. 1979లో నేను అక్కడే పదో తరగతి పాసయ్యాను. అప్పట్లో పెంకుల కప్పు కింద నాలుగు గదులు, వెనకాల చింతచెట్టు. ఇప్పుడు డాబా గదులు వచ్చాయి, చింతచెట్టు అలాగే ఉంది. 2011లో మా బ్యాచ్ వాళ్లం, ముందూ వెనకా బ్యాచ్‌ల వాళ్లు కొందరు కలిసి 23 మందిమి చిన్న ట్రస్టు పెట్టుకున్నాం. మనిషికి నెలకు 500 రూపాయలు. జూన్‌లో బడి తెరవగానే నోటు పుస్తకాలు పంచడం, ఆగస్టు 15న ఆటల పోటీలకు బహుమతులు, పదో తరగతిలో ఫస్టు వచ్చిన పిల్లకో పిల్లాడికో 2,000 రూపాయలు. చాలా ఏళ్లు ఇంతే మా పని. ఇంతే అనడం సరికాదేమో, ఎందుకంటే ఆ రోజుల్లో నోటు పుస్తకాలు లేక పాత క్యాలెండరు కాగితాల వెనక లెక్కలు చేసిన పిల్లల్ని నా కళ్లతో చూశాను.

2020 అక్టోబరు నుంచి ప్రభుత్వమే పిల్లలకు కిట్లు ఇవ్వడం మొదలుపెట్టింది. బ్యాగు, నోటు పుస్తకాలు, యూనిఫాం గుడ్డ, బూట్లు, బెల్టు, అన్నీ. కిట్టు పేరు ఇప్పుడు సర్వేపల్లి రాధాకృష్ణన్ విద్యార్థి మిత్ర అని మారింది. పేరు ఏదైనా, బ్యాగు నిండా సామాను మాత్రం అందుతోంది. ఆ మరుసటి సంవత్సరం కూడా మేము అలవాటు ప్రకారం నోటు పుస్తకాల కట్టలు ఆటోలో వేసుకుని వెళ్లాం. హెచ్ఎం మేడమ్ మర్యాదగా కూర్చోబెట్టి టీ తెప్పించారు. ఆ తర్వాత నెమ్మదిగా అన్నారు.

“మీరు ఇస్తానంటే నేను వద్దనను. కానీ ఈసారి ఇవి బీరువాలోకే వెళ్తాయమ్మా. నాకు నిజంగా కావాల్సింది సాయంత్రం నాలుగు నుంచి ఐదున్నర దాకా ఒక మనిషి.”

ఎందుకండీ అంటే, ఎన్.ఎం.ఎం.ఎస్. కోసం అన్నారు.

ఈ పేరు విననివాళ్ల కోసం రెండు ముక్కలు చెప్తాను. నేషనల్ మీన్స్ కమ్ మెరిట్ స్కాలర్‌షిప్. కేంద్ర ప్రభుత్వం 2008లో మొదలుపెట్టింది. ప్రభుత్వ, స్థానిక సంస్థల, ఎయిడెడ్ బడుల్లో ఎనిమిదో తరగతి చదివే పిల్లలు పరీక్ష రాయాలి. ఏడో తరగతిలో 55 శాతం మార్కులు వచ్చి ఉండాలి, ఎస్సీ ఎస్టీ పిల్లలకు అయిదు శాతం సడలింపు ఉంది. ఇంటి ఆదాయం ఏడాదికి 3,50,000 దాటకూడదు. నెగ్గితే తొమ్మిది నుంచి ఇంటర్ రెండో సంవత్సరం దాకా నాలుగేళ్లు, ఏటా 12,000 రూపాయలు నేరుగా పిల్లల ఖాతాలో పడతాయి. దేశం మొత్తం మీద ఏడాదికి లక్ష మందికి కొత్తగా ఇస్తారు. మన ఆంధ్రప్రదేశ్ వాటా 4,087.

నెలకు వెయ్యి రూపాయలేగా అని మా ట్రస్టులోనే ఒకాయన అన్నారు. వెయ్యి రూపాయలు ఎవరికి చిన్న, ఎవరికి పెద్ద అన్నది పోస్టాఫీసులో పనిచేసినవాళ్లను అడగాలి. నెలకు వంద రూపాయల ఆర్‌డీ కట్టలేక మధ్యలో వదిలేసిన తల్లులను నేను చూశాను. పైగా ఈ డబ్బు పిల్ల పేరు మీద వస్తుంది. పదమూడేళ్ల పిల్ల తన పాస్‌బుక్కులో తన పేరు ఎదురుగా 12,000 అంకె చూసుకోవడం అంటే ఏమిటో నేను దగ్గరుండి చూశాను కాబట్టే ఈ వయసులో సాయంత్రాలు బడి మెట్లు ఎక్కుతున్నాను.

అలా 2021లో సాయంత్రం క్లాసులు మొదలయ్యాయి. లెక్కలకు మా ఊళ్లోనే రిటైరైన మాస్టారు ఒకరు ముందుకొచ్చారు. రీజనింగ్ చెప్పడానికి డీఎస్సీకి చదువుకుంటున్న కుర్రాడు ఒప్పుకున్నాడు. సైన్సు, సోషల్ బడి టీచర్లే వంతులు వేసుకుని చెప్తారు. మొదటి వారంలోనే ఒక సంగతి అర్థమైంది. నాలుగున్నరకల్లా పిల్లలు డీలా పడిపోతున్నారు. మధ్యాహ్నం పన్నెండున్నరకు తిన్న అన్నం అప్పటికి ఎక్కడుంటుంది? అప్పటి నుంచి రోజూ సెనగలో పెసలో అలసందలో గుగ్గిళ్లు చేయించి పెడుతున్నాం. భోజనం వండే ఆవిడే మూడున్నరకు పొయ్యి మీద పడేస్తుంది. ట్రస్టు డబ్బులో ఇంత అర్థవంతంగా పోయే ఖర్చు ఇంకోటి లేదని నా నమ్మకం. గుగ్గిళ్ల గిన్నె వచ్చిన రోజూ, రాని రోజూ పిల్లలు లెక్క చేసే తీరులో తేడా నాకు కనిపించింది.

పరీక్ష మూడు గంటలు, 180 ప్రశ్నలు. అందులో 90 మానసిక సామర్థ్య పరీక్ష. ఇంకో 90 పాఠాల మీద: సైన్సు 35, సోషల్ 35, లెక్కలు 20. తప్పు రాస్తే మార్కులు కోయరు. పాఠాలు ఎలాగో బడిలో చెప్తారు. పిల్లలు బెదిరేది మొదటి 90 దగ్గర. 2, 6, 12, 20, 30 తర్వాత ఏది అంటే మొదట్లో క్లాసంతా నిశ్శబ్దం. ఒకటి రెళ్లు రెండు, రెండు మూళ్లు ఆరు, మూడు నాలుగులు పన్నెండు అని మాస్టారు బోర్డు మీద రాసేసరికి వెనక బెంచీ నుంచి “నలభై రెండు!” అని ఒకేసారి నలుగురు అరిచారు. ఎక్కాలు వాళ్లకు వచ్చు. ఎక్కాల్లోంచి ప్రశ్న వస్తుందని ఎవరూ చెప్పలేదు, అంతే.

అద్దంలో గడియారం ప్రశ్న నాకు బాగా గుర్తుండిపోయింది. అద్దంలో ఎనిమిది గంటల పది నిమిషాలు కనిపిస్తే అసలు టైము ఎంత? పదకొండు గంటల అరవై నిమిషాల్లోంచి తీసేయండి, మూడు యాభై వస్తుంది అని రీజనింగ్ సారు సూత్రం చెప్పాడు. రెండో వరసలో కూర్చున్న ఒక పిల్ల మాత్రం సూత్రం వేయకుండానే వెంటనే మూడు యాభై అనేసింది. ఎలా వచ్చిందమ్మా అంటే సిగ్గుపడుతూ, “మా అమ్మ జడ వేసేటప్పుడు అద్దంలో వెనక గోడ గడియారం కనిపిస్తాది మేడమ్. బడికి టైమైపోతోందేమో అని రోజూ అందులోనే చూస్తాను” అంది. ఆ పిల్లకు నిరుడు స్కాలర్‌షిప్ వచ్చింది. ఇప్పుడు తొమ్మిదో తరగతి. ఆమె గురించి మళ్లీ చెప్పాలి.

ఇక ఆ కుర్రాడి సంగతి.

మొదటి బ్యాచ్‌లో మా బడి నుంచి ముగ్గురు ఎంపికయ్యారు. అంతకు ముందు చాలా ఏళ్లుగా ఒక్కరూ లేరు. ప్రార్థన సమయంలో ముగ్గురినీ ముందుకు పిలిచి చప్పట్లు కొట్టించాం, కోవా బిళ్లలు పంచాం. పని అయిపోయిందనుకున్నాం. పరీక్ష నెగ్గాక మళ్లీ నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో పిల్ల తరఫున దరఖాస్తు పెట్టాలని, బడి స్థాయిలో ఒకసారి, జిల్లా స్థాయిలో ఒకసారి పరిశీలన జరగాలని, తొమ్మిదో తరగతిలో ఆ మొదటి నమోదు జరగకపోతే మిగతా మూడేళ్లకూ రెన్యువల్ అన్న మాటే ఉండదని ఆ రోజు మా ట్రస్టులో ఒక్కరికీ తెలియదు. తెలిసేసరికి ఆఖరి తేదీ వారంలో ఉంది. ఇద్దరివి ఎలాగో చేయించాం. మూడో కుర్రాడి పేరు బడి రిజిస్టరులో చివర ‘రావు’తో ఉంది. పరీక్ష దరఖాస్తు, ఫలితాల జాబితా అంతా ఆ పేరు మీదే నడిచింది. ఆధార్‌లో ‘రావు’ లేదు. పోర్టల్ ఆధార్‌తో సరిపోల్చుకుంటుంది కదా, పేరు కలవలేదని ఆగిపోయింది. నేను వాణ్ణి వెంటపెట్టుకుని ఆధార్ సెంటరుకు తిరిగాను. కార్డు సరై వచ్చేసరికి పోర్టల్ మూసేశారు.

వాళ్లమ్మకు చెప్పడానికి నేనే వెళ్లాను. జీడిపిక్కలు వలిచే పని చేస్తుంది, వేళ్లు నల్లగా ఉన్నాయి. అంతా విని, “పోనీలెండమ్మా, మీరు మాత్రం ఏటి సేస్తారు” అంది. నన్ను ఒక్క మాట అని ఉంటే బాగుండేది. ఆ కుర్రాడు ఇప్పుడు ఇంటర్ రెండో సంవత్సరం. బాగానే చదువుతున్నాడు. కానీ నాలుగేళ్లుగా వాడికి రావాల్సిన డబ్బు రాలేదు, దానికి కారణం మేము చూసుకోకపోవడం. ట్రస్టు నుంచి ఏటా కొంత ఇస్తున్నాం, మొత్తం ఇవ్వలేకపోతున్నాం.

అప్పటి నుంచి మా పని మారిపోయింది. క్లాసులు ఒక సగం, కాగితాలు ఒక సగం. కాగితాల సగం నాది.

మన పేర్లతో ఎన్ని చిక్కులు వస్తాయో కూర్చుని చూస్తే తప్ప తెలియదు. బడిలో చేర్చేటప్పుడు ఇంటిపేరుకు ఒక్క పొడి అక్షరం రాస్తారు. ఆధార్‌లో ఇంటిపేరు మొత్తం ఉంటుంది, అదీ కొందరికి ముందు, కొందరికి వెనక. శ్రీ అన్న మాట ఒకచోట ఎస్ ఆర్ ఐ, ఇంకోచోట ఎస్ ఆర్ డబుల్ ఈ. లక్ష్మిలో హెచ్ ఒకచోట ఉంటుంది, ఒకచోట ఉండదు. అమ్మాయికి ఇంట్లో అమ్మమ్మ పేరు కలిపి పిలుస్తారు, బాలసారెనాటి పేరు ఒకటి, అంగన్‌వాడీలో రాయించింది ఒకటి. పుట్టిన తేదీ తెలియక జనవరి ఒకటో తేదీ వేసేసిన పిల్లలు ప్రతి క్లాసులో ఉంటారు. పిల్లకు ఇవన్నీ ఒకటే, తనే కదా. కంప్యూటరుకు మాత్రం వాళ్లు ఇద్దరు వేరు వేరు మనుషులు.

సరిచేయడం కష్టమేమీ కాదు, టైము కావాలి, జాగ్రత్త కావాలి. ఆధార్‌లో పేరు జీవితంలో రెండుసార్లే మార్చుకోనిస్తారు, పుట్టిన తేదీ ఒక్కసారే. అందుకని తొందరపడి సెంటరుకు పరిగెత్తకూడదు. ముందు బడి రిజిస్టరు, పుట్టిన సర్టిఫికెట్, ఆధార్ మూడూ పక్కపక్కన పెట్టుకుని ఏది అసలైనదో తేల్చుకోవాలి. పదో తరగతి సర్టిఫికెట్ మీద ఏ పేరు రాబోతోందో ఆ పేరే జీవితాంతం వెంట వస్తుంది కాబట్టి నేను బడి రిజిస్టరు వైపే మొగ్గుతాను, అందులోనే తప్పుంటే తప్ప. ఆధార్ మార్చాలంటే నిర్ణీత ఫారంలో పిల్ల ఫొటో అంటించి, హెచ్ఎం సంతకం, స్టాంపు ఫొటో మీదకు కూడా పడేలా వేయించాలి. ఆ సంతకం తేదీ నుంచి మూడు నెలలే ఆ కాగితం చెల్లుతుంది. స్టాంపు ఫొటో పక్కన పడితే సెంటరులో వెనక్కి పంపేస్తారు. నేను మాత్రం స్టాంపు వేసేటప్పుడు పక్కనే నిలబడతాను, పోస్టాఫీసు చేయి కదా, స్టాంపు అలుక్కుపోకుండా ఎలా నొక్కాలో నాకు తెలుసు.

మాకు బాగా కలిసొచ్చింది మెగా పేరెంట్ టీచర్ మీటింగు. మొదటిసారి 2024 డిసెంబరు 7న జరిగింది. తల్లులకు ముగ్గుల పోటీ, తండ్రులకు తాడులాగే పోటీ, పిల్లలతో కలిసి భోజనం. బడికి అంతమంది తల్లిదండ్రులు ఒకేసారి రావడం నేను పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. ఆ రోజు చింతచెట్టు కింద నిలబడి నాకు ఒకటే అనిపించింది, ఈ మనుషుల చేతుల్లో ఇవాళ ఆధార్ కార్డులు ఉండి ఉంటే! అందుకే రెండోది 2025 జూలై 10న అనగానే హెచ్ఎం మేడమ్‌ను అడిగి, ఆహ్వాన పత్రంతో పాటు చిన్న చీటీ పంపించాం. ఎనిమిదో తరగతి పిల్లల తల్లిదండ్రులు పిల్లల ఆధార్, బ్యాంకు పుస్తకం, పుట్టిన సర్టిఫికెట్ ఉంటే అది, వెంట తెచ్చుకోండి అని.

చెట్టు కింద రెండు బెంచీలు కలిపి వేసుకుని పొద్దున తొమ్మిదిన్నరకు కూర్చున్నాను. పక్కన అడ్మిషన్ రిజిస్టరు, దాని మీద బడి గుమస్తా చేయి. ఆయన ఆ రిజిస్టరును ఒక్క నిమిషం కూడా వదలలేదు, అది సరైన పద్ధతే. అంతకు నెల ముందే ‘తల్లికి వందనం’ కింద ఒక్కో బిడ్డకు 13,000 చొప్పున తల్లుల ఖాతాల్లో పడ్డాయి. దానివల్ల ఆధార్ లింకు అంటే ఏమిటో ఎవరికీ విడమరచి చెప్పనక్కర్లేకపోయింది. “నాది లింకైంది, పిల్లదానికి అకౌంటే లేదు” అని వాళ్లే ముందుగా చెప్పారు. పిల్లల పేరు మీద ఖాతా వేరే ఉండాలన్నది ఒక్కటే కొత్త.

పదకొండు గంటలప్పుడు ఒక పెద్దావిడ వచ్చింది. మనవరాలి కోసం. కొడుకూ కోడలూ చెన్నైలో భవనాల పనికి వెళ్లారు. మా ప్రాంతంలో ఇది కొత్త కాదు, ప్రతి క్లాసులో అమ్మమ్మలూ నాయనమ్మలూ పెంచే పిల్లలు పదిమందైనా ఉంటారు. ఆవిడ చేతిలో బట్టల కొట్టు వాళ్లిచ్చిన పాలిథిన్ కవరు. దాన్ని ముడి విప్పి బెంచీ మీద బోర్లించింది. రేషన్ కార్డు, ఇంట్లో అందరి ఆధార్‌లు, రెండేళ్ల కిందట పోయిన ముసలాయనది కూడా, పిల్లకు చిన్నప్పుడు టీకాలు వేయించిన కార్డు, కరెంటు బిల్లులు, ఒక పాత మనియార్డరు రసీదు.

“ఏది కావాలో నాకేటి తెలుసమ్మా. అన్నీ ఒక్కలాగే కనిపిస్తాయి. అందుకే అన్నీ తెచ్చేసినాను.”

ఒక్కోటి విప్పి చూశాను. టీకాల కార్డు మీద నర్సు చేత్తో రాసిన పుట్టిన తేదీ, ఆగస్టు 29. బడి రిజిస్టరులోనూ అదే. ఆధార్‌లో జనవరి 1. ఆసుపత్రిలో పుట్టిన పిల్లే, పుట్టిన సర్టిఫికెట్ మాత్రం ఎప్పుడూ తీసుకోలేదు. ఆ టీకాల కార్డు పదమూడేళ్లుగా ఆవిడ దాచి ఉంచడం వల్ల ఏ ఆసుపత్రి, ఏ రోజు అని చెప్పగలిగాం, సర్టిఫికెట్ తీయించగలిగాం. నాలుగు వారాలు పట్టింది. ఆధార్ మార్పుకు అప్పట్లో 50 రూపాయలు ఫీజు. ఆవిడ కొంగు ముడి విప్పి యాభై కాగితం తీసి నా చేతిలో పెట్టింది. వద్దన్నాను, ట్రస్టు కడుతుందన్నాను. “పిల్లది నాది కదమ్మా” అంది. తీసుకున్నాను.

ఆ ఒక్క రోజు 41 మంది పిల్లల్లో 33 మంది కాగితాలు చూశాం. 14 మందివి ఏదో ఒకచోట కలవలేదు. మూడో వంతు పైనే! ఈ 14 మందిలో ఎవరు నెగ్గినా మాకు ఆ ‘రావు’ కుర్రాడి కథే మళ్లీ వచ్చేది. ఆదాయ సర్టిఫికెట్లకు గ్రామ సచివాలయంలో దరఖాస్తులు, ఖాతా లేనివాళ్లకు పోస్టుమ్యాన్‌ను బడికే పిలిపించి పోస్టల్ పేమెంట్స్ బ్యాంకులో ఖాతాలు, ఇదంతా దరఖాస్తుల గడువు లోపల తెమిలింది. పరీక్ష ఫీజు ఓసీ బీసీలకు 100, ఎస్సీ ఎస్టీలకు 50, అది ట్రస్టు కట్టింది.

ఇంతలో మా రీజనింగ్ సారుకు మెగా డీఎస్సీలో ఉద్యోగం వచ్చింది. 16,347 పోస్టుల నోటిఫికేషన్ అది, నాలుగేళ్ల నుంచి ఎదురుచూస్తున్నాడు. బడి అంతా సంబరపడింది. నేనూ సంబరపడ్డాను, లోపల మాత్రం ఒకటే టెన్షన్. పరీక్షకు రెండు నెలలు కూడా లేదు, అక్టోబరులో అతను వేరే మండలంలో టీచరుగా చేరిపోయాడు. మనిషి దొరకలేదు. వారం రోజులు మాస్టారే రెండూ నెట్టుకొచ్చారు. అప్పుడు అద్దంలో గడియారం చూసే ఆ పిల్ల, తొమ్మిదో తరగతికి వెళ్లినది, వచ్చి అడిగింది, “నేను చెప్పొచ్చా మేడమ్?” అని.

మొదటి రోజు బోర్డు వైపు తిరిగే మాట్లాడింది. పిల్లలు నవ్వారు కూడా. మూడో రోజు ఇంటి నుంచి చేతి అద్దం, పాత గోడ గడియారం తెచ్చింది. ఒకర్ని అద్దం పట్టుకోమని, ఇంకొకర్ని ముల్లు తిప్పమని, మిగతావాళ్లను టైము చెప్పమంది. ఆ రోజు ఐదున్నర దాటినా ఒక్కరూ లేవలేదు. ఎనిమిదో తరగతి వాళ్లకు నిన్నగాక మొన్న అదే బెంచీ మీద కూర్చున్న అక్క చెప్తే ఎక్కినంత బాగా మనలాంటి పెద్దవాళ్లు చెప్తే ఎక్కదు. వచ్చే ఏడాది నుంచి నిరుటి బ్యాచ్ పిల్లల చేతే రీజనింగ్ చెప్పించాలని నిశ్చయించుకున్నాం. చెప్పేవాళ్లకూ లాభమే. పదో తరగతిలో 60 శాతం, ఎస్సీ ఎస్టీ పిల్లలైతే 55 శాతం రాకపోతే ఇంటర్‌లో స్కాలర్‌షిప్ ఆగిపోతుంది కదా, రోజూ బడిలో గంటన్నర ఎక్కువ ఉంటే చదువు మీద ధ్యాస చెదరదు.

ఇంకొకటి కూడా చెప్పాలి, ఎందుకంటే తల్లిదండ్రులు తరచూ అడుగుతుంటారు. ఈ స్కాలర్‌షిప్ వచ్చిన పిల్ల తర్వాత ప్రైవేటు కాలేజీలో చేరినా, వసతి భోజనం అన్నీ ప్రభుత్వమే చూసే గురుకులంలో చేరినా డబ్బు రాదు. ఈ ఏడాది జూన్‌లో మా పిల్ల ఒకతికి గురుకుల జూనియర్ కాలేజీలో సీటు వచ్చింది. రెండేళ్ల 24,000 పోతాయని వాళ్ల నాన్న రాత్రంతా ఆలోచించి పొద్దున్నే మా ఇంటికి వచ్చాడు. నేను క్షణం కూడా తటపటాయించలేదు. సీటు వదులుకోవద్దన్నాను. అక్కడ తిండి, చదువు, పుస్తకాలు అన్నీ దొరుకుతాయి. స్కాలర్‌షిప్ పిల్లను చదివించడానికి వచ్చింది, పిల్లను స్కాలర్‌షిప్ కోసం ఆపకూడదు. చేర్పించాడు.

ట్రస్టుకు డబ్బు పంపేవాళ్లు మా వాళ్లే, హైదరాబాదులో ఉన్నవాళ్లూ అమెరికాలో ఉన్నవాళ్లూ. పంపిన ప్రతిసారీ దేనికి ఖర్చయిందో ఫొటో పెట్టమంటారు. అడగడం న్యాయమే. గుగ్గిళ్లకు ఫొటో ఉంది. జిరాక్సులకు, ఆటో ఛార్జీలకు, ఆధార్ సెంటరు ముందు మూడు గంటలు నిలబడ్డదానికి ఏం ఫొటో పెడతాం? అందుకని ఈసారి నుంచి లెక్క రాసి పంపుతున్నాను. ఫలానా నెలలో ఎన్ని ఆధార్‌లు సరిచేశాం, ఎన్ని ఖాతాలు తెరిపించాం, ఎన్ని రెన్యువల్‌లు చేయించాం. రెన్యువల్ ఏటా చేయాల్సిందే, నాలుగేళ్లూ. తొమ్మిది, పది, ఇంటర్‌లలో మా పిల్లలు ఇప్పుడు పంతొమ్మిది మంది ఉన్నారు. ఇంటర్ వాళ్లు మూడు కాలేజీల్లో ఉన్నారు. అందరి ఫోన్ నంబర్లు, చివరి తేదీలు రాసుకున్న పొడుగు నోటు పుస్తకం నా దగ్గర ఉంది. అది 2021లో బీరువాలో మిగిలిపోయిన కట్టల్లోదే.

ఈ డిసెంబరు మొదటి ఆదివారం పరీక్ష జరిగింది. 29 మందిని తీసుకెళ్లాం. ఇంతకు ముందు ఆటోలు మాట్లాడుకునేవాళ్లం, ఈసారి ఆగస్టు నుంచి ఆడపిల్లలకు ఆర్టీసీ బస్సులో ప్రయాణం ఉచితం కాబట్టి అందరం పల్లెవెలుగు బస్సెక్కాం. మగపిల్లలు పదకొండు మందికే టికెట్లు కొన్నాం. కండక్టరు ఆధార్ చూపించమన్నప్పుడు పద్దెనిమిది మంది ఆడపిల్లలూ ఒకేసారి తీసి చూపించారు. నాయనమ్మతో వచ్చిన ఆ పిల్ల కార్డు నా పక్క సీటులోంచి కనిపించింది. ఆగస్టు 29.

పది గంటలకు లోపలికి వెళ్లారు, ఒంటిగంటకు బయటికి వచ్చారు. బయటికి రాగానే ఏం అడిగారు, ఎలా రాశావ్ అని అడగకూడదని మాస్టారు ముందే మా అందరికీ చెప్పి ఉంచారు. పులిహోర పొట్లాలు ఇచ్చాం. తింటూ వాళ్లే చెప్పుకున్నారు, అద్దంలో గడియారం వచ్చిందట.

ఇవాళ మధ్యాహ్నం హెచ్ఎం మేడమ్‌కు ఫోన్ చేశాను. వచ్చే శనివారం ఏడో తరగతి అడ్మిషన్ రిజిస్టరు తీయించమన్నాను. ఈసారి జూలై దాకా ఆగబోము. 38 మంది పిల్లలున్నారట. తొమ్మిదో తరగతి పిల్ల కూడా వస్తానంది, పేర్లు తను చదువుతుందట, నేను ఆధార్ చూడాలట.